ఏకనగర వ్రతము

మరింగంటి సింగరాచార్యులు రామకథను కావ్యముగా వ్రాయబూని, తొలి పద్యమునకు ముందే రాముని పేరును వదలుకొన్నాడు. ఆయన తనకు తాను విధించుకొన్నది నిరోష్ఠ్య నియమము. పెదవులతో పలుకవలసిన అక్షరమేదియు కావ్యములో కనిపింపరాదు. ‘రామ’ శబ్దములో మకారమున్నది గనుక నాయకుని పేరే నిషిద్ధమైనది. కావ్యమునకు ‘దశరథరాజనందన చరిత్ర’ అని పేరు వచ్చినది. ఆ పేరును మెల్లగా పలికి చూచినచో పెదవికి పెదవి తగులదు. నియమము కవి వద్దనుండి అన్నిటికంటె దగ్గరి మాటను తీసికొని, దానికి బదులుగా తండ్రిని, పుత్రత్వమును ముందునకు తెచ్చినది. పేరు పెట్టి పిలువలేని వానిని వరుస చెప్పి పిలువవలసి వచ్చినప్పుడు కథ చూపు కూడ కొంత మారును.

సంస్కృతములో దండి దశకుమారచరితము ఏడవ ఉచ్ఛ్వాసమున ఇట్టి పనియే చేసినాడు. అక్కడ మంత్రగుప్తుని పెదవి గాయపడి ఉన్నది. ఓష్ఠ్యములు పలుకకుండుటకు కథలోనే కారణము దొరకును. తెలుగు కవి కథలో అట్టి కారణము లేదు, సంకల్పమొక్కటే ఉన్నది. ఒక పని చేయవచ్చుననియు, చేయగల శక్తి ఉన్నదనియు తెలిసి, దానిని చేయకుండుటకు పూనుకొనుట ఆ సంకల్పము.

సాహిత్యమునకు మిక్కిలి దూరమని తోచు ఒక రంగములో ఈ సంకల్పమే నేడు వేరొక రూపమున కనబడుచున్నది. కంప్యూటరుపై ఆడు చారిత్రక వ్యూహక్రీడలలో కొందరు ఆటగాళ్లు తమకు తామే నిషేధములు పెట్టుకొందురు. వానిలో ప్రసిద్ధమైనది ‘వన్ సిటీ ఛాలెంజ్’. ఒక్క నగరముతో చరిత్రనంతటిని నడిపింతునని పట్టు పట్టుట దాని సారము. పూనిక, పరిత్యాగము రెండును అందులో ఉన్నవి గనుక దానిని ఏకనగర వ్రతమనుట తగును.

ఈ వ్రతము పుట్టినది ‘సివిలైజేషన్’ అను ఆటల వరుసలో. సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి రూపొందించిన మొదటి ఆటను అమెరికాలోని మైక్రోప్రోస్ సంస్థ 1991లో విడుదల చేసినది. రెండవది 1996లోను, నాలుగవది 2005లోను, అయిదవది 2010లోను వచ్చినవి. ఆట క్రీస్తుపూర్వము 4000లో మొదలగును. ఆటగాని చేతిలో ఒక జాతియు, వలసదారుల చిన్న దండును ఉండును. చుట్టును చీకటి కమ్మిన పటము. వలసదారులు నచ్చిన చోట నగరము కట్టుదురు. ఆ నగరము చుట్టునున్న నేలనుండి ఆహారమును, ఉత్పత్తిని, వర్తకమును పొంది పెరుగును. పెరిగి మరల వలసదారులను పంపును. వారు మరియొక నగరము కట్టుదురు. అక్షరము, చక్రము, తత్త్వశాస్త్రము, తుపాకిమందు, రైలు, అణుశక్తి ఒకదాని వెంట నొకటి తెలియవచ్చును. మొదటి రెండు ఆటలలో ప్రత్యర్థుల నందరిని జయించినవాడు గాని, ఆల్ఫా సెంటారీ నక్షత్రమునకు అందరికంటె ముందు నౌకను చేర్చినవాడు గాని గెలుచును. ఆరువేల సంవత్సరముల చరిత్రను ఒక మనిషి కొన్ని సాయంకాలములలో ముగించును.

ఇట్టి ఆటల స్వభావమును 1993లో ఒక ఆంగ్ల సమీక్షకుడు నాలుగు క్రియలలో చెప్పినాడు: వెదకుట, విస్తరించుట, పిండుకొనుట, నిర్మూలించుట. ఆంగ్లములో ఆ నాలుగును ఒకే ధ్వనితో మొదలగుటచే ఆ మాట ఈ ఆటల తెగకు పేరుగా నిలిచిపోయినది. నాలుగింటిలో విస్తరించుటయే తల్లివేరు. దూరపు నగరములలో అవినీతియు, జనుల అసంతృప్తియు కొంత నష్టము తెచ్చినను, మొదటి ఆటలలో లెక్క చివరకు విస్తరించువానికే లాభము చూపును. నగరములు పెరిగినకొలది ధనము పెరుగును, విజ్ఞానము పెరుగును, సైన్యము పెరుగును. నాగరికత అనగా విస్తరణమని ఆట ఎక్కడను వాక్యముగా చెప్పదు. అంకెలలో చెప్పును. వాక్యముగా చెప్పినచో ఎవరైన వాదింతురు. అంకెలుగా చెప్పుటచే వాదము లేకయే అది ఆటగాని చేతిలోనికి అలవాటుగా దిగిపోవును.

ఏకనగర వ్రతము ఈ తల్లివేరునే తెగగొట్టును. వ్రతధారి ఒక్క నగరము కట్టును. రెండవది కట్టడు, పరుల నగరమును గెలిచి ఉంచుకొనడు. మిగిలిన నిబంధనలన్నియు యథాతథముగా ఉండును. ప్రత్యర్థులకు ఏ నిషేధమును లేదు. వారు యథేచ్ఛగా వ్యాపింతురు. రెండవ ఆట ఆడువారిలో ఈ వ్రతము బాగుగా ప్రచారములోనికి వచ్చినది. ఆట కర్తలు దానిని విధింపలేదు.

తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో ప్రకటించిన ‘ది గ్రాస్‌హాపర్’ గ్రంథములో ఆటను నిర్వచింప బూని, అక్కరలేని అడ్డంకులను కోరి తెచ్చుకొని దాటుటలో ఆట స్వరూపమున్నదని నిరూపించినాడు. గోల్ఫు ఆడువాడు బంతిని చేతితో తీసికొనిపోయి గుంటలో వేయవచ్చును. వేయడు. వేయకుండుటకు ఒప్పుకొన్నందుననే అది ఆట అగుచున్నది. ఈ నిర్వచనము ననుసరించి చూచినచో ఏకనగర వ్రతము ఆటలోని ఆట. ఒకరు కల్పించిన అడ్డంకులపై ఆడువాడు తన అడ్డంకిని నిలుపుకొనుచున్నాడు.

వ్రతము పట్టిన క్షణమునుండి ఆట రూపు మారును. మామూలుగా ఆడువాడు నగరమునకు చోటు వెదకుటలో ఎక్కువ ఆలస్యము చేయడు. ఈ చోటు అంత మంచిది కాకున్న తరువాతి నగరపు చోటు మంచిది కావచ్చును. వ్రతధారికి తరువాతి నగరము లేదు. రెండవ ఆటలో ఒక నగరము తానున్న గడిని గాక చుట్టునున్న ఇరువది గడులను మాత్రమే వాడుకొనగలదు. ఆ ఇరువదిలో నది ఎన్నిటిని తాకుచున్నది, సముద్రమెంత, కొండ ఎంత, చేపలు దొరకు నీళ్లున్నవా అని అతడు లెక్కించును. ఆరువేల ఏండ్లు ఆ గడులపైననే గడుపవలెను. తన చేని గట్లన్నిటిని ఎరిగిన చిన్న రైతువలె అతడు ప్రతి గడిని ఎరుగును. సామ్రాజ్యమేలువానికి పటములో చుక్కగా కనబడు ఊరు ఇతనికి పటమంతటి దగును.

జనసంఖ్య ఎనిమిదవ మెట్టు దాటుటకు నీటి కాలువ కావలెను. పండ్రెండవ మెట్టు దాటుటకు మురుగు కాలువలు కావలెను. ముప్పది నగరములున్న వానికి ఇవి పట్టికలోని రెండు పంక్తులు మాత్రమే. వ్రతధారికి ఇవి రెండు యుగసంధులు. అద్భుత నిర్మాణములన్నియు ఆ ఒక్కచోటనే వెలయవలెను. కొలోసస్ వర్తకమును పెంచును. కొపర్నికస్ వేధశాల, న్యూటన్ కళాశాల విజ్ఞానమును పెంచును. షేక్స్‌పియర్ నాటకశాల ఉన్న నగరములో జనుల అసంతృప్తి అణగును. వేరువేరు నగరములలో చెదరి ఉన్నప్పుడు వీని బలము వేరు. ఒక్కచోట చేరినప్పుడు ఒకదాని బలమునకు మరొకటి తోడగును. వర్తకము పెరుగుటచే విజ్ఞానము పెరుగును. జనులు తృప్తిగా నుండుటచే నగరము పెరుగును. నగరము పెరుగుటచే మరల వర్తకము పెరుగును. ఆట లెక్కలో దాగియున్న ఈ పొందికను స్పష్టముగా చూపినది వ్రతమే.

పొరుగువాని అర్థము కూడ మారును. విస్తరించువానికి పొరుగు రాజ్యమనగా నేడో రేపో ఆక్రమింపవలసిన నేల. వ్రతధారికి ఆ నేలతో పని లేదు. అతని వర్తక బిడారులు దూరపు విదేశ నగరమునకు సరుకు చేర్చినచో ధనమును, ధనముతో పాటు విజ్ఞానమును లభించును. మార్కో పోలో పేరనున్న అద్భుతమును కట్టినచో ఎల్ల జాతులతో దౌత్యము కుదురును. విద్యలను ఇచ్చి పుచ్చుకొనవచ్చును. దూరమున నున్న విదేశ నగరము కాలిపోయినచో వ్రతధారికి ఒక అంగడి మూతపడినట్లే. ఇతరుల క్షేమము తన క్షేమములో భాగమగుట ఆ ఆట సాధారణ గతిలో అరుదైన అనుభవము.

ఇక భయము మొదటినుండి చివరివరకు వీడదు. ఉన్నది ఒక్క నగరము. అది పోయినచో ఆట ముగియును. నౌక నక్షత్రము వైపు ప్రయాణములో ఉండగా రాజధాని పరుల చేత చిక్కినచో నౌకయు పోవును. అనేక నగరములు గలవానికి రాజధాని వేరు, రాజ్యము వేరు. ఇక్కడ రెండును ఒకటే. విశాల సామ్రాజ్యపు ఆటలో సగము నడచుసరికి ఫలితము తేలిపోయి, మిగిలిన సగము శ్రమగా మారుట ఆడినవారందరు ఎరిగినదే. ఏకనగరపు ఆటలో ఉత్కంఠ చివరి ఏడాది వరకు నిలుచును. నాటకములో ఫలప్రాప్తి ముందుగనే నిశ్చయమైనచో ప్రేక్షకుడు లేచిపోవును. వ్రతము ఆ నిశ్చయమును వాయిదా వేయును.

అయినను వ్రతము ముఖము స్పష్టముగా కనబడునది యుద్ధములో కాదు, ఒక దానములో. పటములో అక్కడక్కడ చిన్న గుడిసెలుండును. ఆటగాని దండు అందులో అడుగు పెట్టగానే గుడిసె మాయమై ఏదో ఒక ఫలితము వచ్చును. బంగారము దొరకవచ్చును; ఒక విద్య దొరకవచ్చును; తోడుగా సైనికులు రావచ్చును; దోపిడి మూకయు మీద పడవచ్చును. అరుదుగా అక్కడివారు ఉన్నత నాగరికత గలవారని తేలి ఆ చోటు ఆటగాని నగరముగా మారిపోవును. సామాన్యునికి అది పండుగ. వ్రతధారికి సంకటము. అడుగకయే వచ్చిన నగరమును అతడు ఉంచుకొనరాదు. అందుచేత గుడిసెలో కాలు పెట్టవలెనా వద్దా అని మొదటిసారి ఆగును. ఆగినప్పుడు మరియొక సంగతి తట్టును: ఆ గుడిసెలో ఎవరో ఉన్నారు. వారికేమైనది? మామూలు ఆటలో ఈ ప్రశ్నకు తావు లేదు; అక్కడ గుడిసె ఒక బహుమానపు పెట్టె. పటము ఖాళీ అని చూపిన నేల ఖాళీ కాదనియు, వలస అను మాట వెనుక తొలగింపు అను పని దాగి ఉన్నదనియు తెలియుటకు ఆ ఆటలో ఇంతకంటె తగిన చోటు లేదు.

ఈ కారణముచేత ఏకనగర వ్రతమును సాహసమని చెప్పి ఊరకుండుట చాలదు. అది ఒక విధమైన విమర్శ. విమర్శకుడు గ్రంథమును తిరిగి వ్రాయడు. గ్రంథము దేనిని ప్రశ్నింపకయే ఒప్పుకొన్నదో దానిని వెలికి తీయును. వ్రతధారియు ఆటలో ఒక్క అంకెను మార్చలేదు. ఒక్క క్రియను మానినాడు. మానగానే ఆ క్రియపై ఆట ఎంత బరువు మోపినదో తేలినది. వ్యాఖ్యాత మాటలతో చేయు పనిని ఇతడు మానుటతో చేసినాడు.

ఆలంకారికులు ఇట్టి పనులను అంతగా మన్నింపలేదు. ఆనందవర్ధనుడు చిత్రమును కావ్యముగా గాక కావ్యానుకరణముగా ఎంచినాడు; మమ్మటుడు దానిని అధమముగా నిలిపినాడు. వారి ఆక్షేపణ ఆటగాళ్ల నిషేధములకును వర్తించును. నిషేధములన్నియు సమానములు కావు. మిక్కిలి కఠినమైన స్థాయిని ఎంచుకొనుట, తక్కువ వేళలో ముగించుట వంటివి నైపుణ్యమును కొలుచును గాని ఆటను గూర్చి క్రొత్త మాట చెప్పవు. గారడివాని కత్తులవలె ఆశ్చర్యము కలిగించి ముగియును. నియమము విలువను తేల్చు ప్రశ్న ఒక్కటే: అది దేనిని తీసివేసినది? ఫ్రెంచి రచయిత జార్జి పెరెక్ 1969లో ‘ఇ’ అను అక్షరమును పూర్తిగా మాని ఒక నవల వ్రాసినాడు. ఫ్రెంచిలో అంతగా వాడుకలో నున్న అక్షరము మరొకటి లేదు. ఆయన తండ్రి 1940లో యుద్ధములో మరణించినాడు; తల్లిని 1943లో ఆష్విట్జ్ శిబిరమునకు తరలించినారు, ఆమె తిరిగి రాలేదు. కనబడని అక్షరమును కనబడని మనుష్యులకు గుర్తుగా చదివిన విమర్శకులు కలరు. సింగరాచార్యుని కావ్యములో పోయినది రామనామము. ఏకనగరపు ఆటలో పోయినది విస్తరణము. ఈ మూడు చోట్లను నియమము మర్మమునే తాకినది. అందుచేతనే ఇవి గారడికంటె పైమెట్టున నిలిచినవి.

పెరెక్ నవలను అనువదించినవారి అనుభవము ఇక్కడ ఇంకొక సంగతిని బోధించును. ఆంగ్లానువాదకుడు గిల్బర్ట్ అడైర్ అదే అక్షరమును మానినాడు. స్పానిష్ అనువాదకులు ‘అ’ అను అక్షరమును మానినారు. ఆ భాషలో మిక్కిలి వాడుక గల అక్షరములలో అది ఒకటి గనుక. నియమమును అక్షరశః మోసికొని పోయినచో అది నియమముగా మిగులకపోవచ్చును. ఏకనగర వ్రతమును ఒక ఆటనుండి మరొక ఆటకు తీసికొని పోవునప్పుడును ఇదే చిక్కు వచ్చును. అయిదవ ఆటలో క్రొత్త నగరము చేరినకొలది సాంఘిక విధానములు పొందుటకు అగు వ్యయము హెచ్చును. జాతీయ అద్భుతము కట్టవలెనన్న ఫలానా కట్టడము ప్రతి నగరములోను ఉండవలెను. నగరమొక్కటే అయినచో ఆ షరతు సులభముగా తీరును. అక్కడ కొద్ది నగరములతో ఆడుట ఆట స్వయముగా మెచ్చుకొను మార్గములలో ఒకటి. రెండవ ఆటలో ప్రవాహమునకు ఎదురీదిన వ్రతము అయిదవ ఆటలో చాలవరకు ప్రవాహముతో పాటే పోవును. పేరు అదియే, పని అది కాదు.

సాక్షి విషయములో కూడ ఒక భేదమున్నది. అవధానములో నిషిద్ధాక్షరి అడుగు పృచ్ఛకుడు ఎదుటనే కూర్చుండి అక్షరమక్షరమునకు అడ్డుపడును. సభ అంతయు సాక్షి. నిరోష్ఠ్య కావ్యమునకు పాఠకుడు సాక్షి. ఒక్క పకారము దొరికినను కవి పట్టుబడును. ఇంటిలో ఒంటరిగా ఆడువానికి సాక్షి లేడు. యంత్రమునకు అతని వ్రతము తెలియదు. వలసదారులను తయారు చేయు సదుపాయము పట్టికలో ఎప్పటివలెనే కనబడుచుండును. అంతకంటె పెద్ద ప్రలోభము మరియొకటి కలదు. ఆటను నడుమ భద్రపరచుకొని, కీడు మూడినచో వెనుకటి స్థితినుండి మరల మొదలు పెట్టవచ్చును. ఎన్నో రాత్రులు పెంచిన నగరము సముద్రము మీదుగా వచ్చిన దండుచేత కూలినదనుకొన్నను, ఒక్క మీట నొక్కినచో అది కూలని లోకము తిరిగి వచ్చును. నొక్కినట్లు ఎవరికిని తెలియదు. చరిత్రను అనుకరించు ఆటలో చరిత్రకు అన్నిటికంటె దూరమైనది ఆ మీటయే. జరిగినదానిని జరుగనట్లు చేయుట ఏ రాజునకును సాధ్యము కాలేదు. ఎవరును చూడని చోట ఆ మీటను ముట్టనివాడు తన నగరమునకు చరిత్ర బరువును తిరిగి ఇచ్చుచున్నాడు.

2005లో వచ్చిన నాలుగవ ఆటలో ఏకనగర వ్రతమును ఆట కర్తలే ఒక నిబంధనగా చేర్చినారు. దానిని ఎంచుకొన్నచో రెండవ నగరమును యంత్రమే కట్టనీయదు. కొన్ని రాయితీలును ఇచ్చినారు. మామూలుగా ఒక నగరములో రెండు జాతీయ అద్భుతములకే చోటు. ఈ నిబంధనలో అయిదింటికి చోటు. ఆక్స్‌ఫర్డు పేరనున్న అద్భుతమును కట్టుటకు పెక్కు నగరములలో విశ్వవిద్యాలయములుండవలెనను షరతును తొలగించినారు. ఆటగాళ్ల కల్పనకు కర్తలు చూపిన ఆదరమిది. అయితే ఆదరముతో పాటు ఒక నష్టమును కలిగినది. వ్రతము శాసనమైనది. తప్పుటకు వీలు లేనిచోట తప్పకుండుటకు గౌరవము లేదు. వంట లేని ఇంటిలో పస్తున్నవానిని, వండి వడ్డించిన విస్తరి ముందు ఉపవాసమున్నవానిని లోకము ఒకే మాటతో మెచ్చదు.

అయిదవ ఆటకు 2013లో వచ్చిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ అను అనుబంధములో ఇంకొక అడుగు పడినది. వెనిస్ అను జాతి చేరినది. దానికి నాయకుడు ఎన్రికో దాందోలో. ఆ జాతికి వలసదారులు లేరు. గెలిచిన నగరమును తనలో కలుపుకొనలేదు. అణగియుండు నగరముగా మాత్రము ఉంచుకొనగలదు. బదులుగా వర్తక మార్గములు ఇతరులకంటె రెట్టింపు. వ్రతము శాసనమై, శాసనము స్వభావమైనది. చరిత్రలోని వెనిస్ కథ వేరు. వృద్ధుడును అంధుడును అయిన దాందోలో కాలముననే, 1204లో, నాలుగవ క్రూసేడు సైన్యము కాన్‌స్టాంటినోపిలు నగరమును దోచినది. ఆ తరువాత క్రీటు ద్వీపము వెనిస్ అధీనములోనికి వచ్చినది. సైప్రసును వెనిస్ 1489నుండి 1571 వరకు ఏలినది. ఒక్క నగరమను రూపము వెనుక ఒక సముద్ర సామ్రాజ్యమున్నది. సంయమనమును ఒక జాతికి పుట్టుకతోనే అంటగట్టినచో దాని విలువయు పోవును, చరిత్రయు మరుగుపడును.

అదే ఆటలో భారతదేశమునకు గాంధి నాయకుడు. అక్కడ భారతమునకు ఇచ్చిన విశేష గుణము జనాభివృద్ధి. నగరముల సంఖ్యవలన కలుగు అసంతృప్తి రెట్టింపు. జనసంఖ్యవలన కలుగునది సగము. ఈ లెక్క ఆటగానిని కొద్ది నగరముల వైపు, అవియు జనము క్రిక్కిరిసిన మహానగరముల వైపు నడుపును. గ్రామ స్వరాజ్యమును కోరిన వానికి ఆట మహానగరములను కానుకగా ఇచ్చినది.

సంయమనము స్వభావముగా గాక సంకల్పముగా కనబడు ఉదాహరణము భారత చరిత్రలోనే ఉన్నది. కళింగ యుద్ధము తరువాత అశోకుడు పదమూడవ శిలాశాసనములో తన పశ్చాత్తాపమును వెల్లడించి, తన సంతతివారు క్రొత్త దండయాత్రల విజయమును కోరదగినదిగా తలపరాదనియు, ధర్మముచే కలుగు విజయమే విజయమనియు వ్రాయించినాడు. ఆంధ్రుల పేరు కూడ ఆ శాసనములో కలదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండలపై అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. ఆ మాటకు కావలి లేదు. సంతతివారు పాటింపకున్న అడుగువాడు లేడు. అందుచేత అది రాజశాసనముగా వెలువడినను నిజమునకు వ్రతమే. దాని హద్దులను కూడ చూడవలెను. అశోకుడు కళింగమును తిరిగి ఇయ్యలేదు. కళింగములోని ధౌలి, జౌగడ బండలపై ఈ పదమూడవ శాసనము లేదు. అక్కడ వేరు శాసనములు చెక్కించినాడు. గెలిచిన తరువాత పట్టిన వ్రతమది. ఓడినవారి ఎదుట చెక్కని వ్రతమది.

నాలుగవ ఆటలో అశోకుడును భారతమునకు ఒక నాయకుడు. ఆట ఆయనకు రెండు గుణములనిచ్చినది. ఒకటి పాలనా దక్షత. అది పాలనా విధానములను నిలుపుటకగు వ్యయమును తగ్గించును. రెండవది ఆధ్యాత్మికత, అది విధానములు మార్చినప్పుడు కలుగు అరాజకమును తొలగించును. ఇక విజయములు వద్దన్న మాట ఆ గుణములలో లేదు. అశోకుని పేర ఆడి ప్రపంచమంతటిని కత్తితో గెలువవచ్చును. యంత్రము అడ్డుచెప్పదు, గెలుపును గెలుపుగానే లెక్కించును. ఆ మాట ఆటలోనికి రావలెనన్న ఆటగాడే తేవలెను. అశోకుని ఎంచుకొని, ఒక్క నగరము చాలునని మొదటనే నిశ్చయించుకొని, పొరుగును పొరుగుగానే ఉండనిచ్చినవాడు శాసనము చెక్కించినవానికంటె ఒక మెట్టు ముందున్నాడు. అతని వ్రతము కళింగమునకు ముందటిది. రక్తము చిందిన తరువాత పుట్టిన జ్ఞానమును చిందకముందే పాటించి చూచుటకు చరిత్ర అవకాశమీయదు. ఆట ఇచ్చును. చారిత్రక క్రీడలకు ఏదైన గౌరవము దక్కవలసి ఉన్నచో ఇందుకే దక్కవలెను.

వ్రతమునకు ఒక లోపమున్నది. దానిని దాచుట న్యాయము కాదు. వ్రతధారి నేలను వదలుకొన్నాడు గాని ఆధిక్యమును వదలుకొనలేదు. అద్భుత నిర్మాణమును అతడు ముందు కట్టినచో ఇతరులు దానిని కట్టలేరు. విజ్ఞానమును అందరికంటె వేగముగా పెంచి, నౌకను అందరికంటె ముందు పంపవలెను. గెలుపనగా ఇతరులకంటె ముందుండుటయే అను అర్థమును ఆట పెట్టినది. వ్రతము దానిని మార్చలేదు. నాలుగు క్రియలలో ఒకదానిని మానినవాడు తక్కిన మూడింటిని పూర్తిగా మానినట్లు కాదు. సింగరాచార్యుడును రామకథను మానలేదు, రామశబ్దమును మానినాడు. నియమము గ్రంథము లోపలనే పని చేయును. గ్రంథమును దాటవలెనన్న మరియొక గ్రంథము వ్రాయవలెను. ఆటను దాటవలెనన్న మరియొక ఆట కావలెను.

అట్టి ఆట వచ్చువరకు ఏకనగర వ్రతము తన పని చేయుచునే ఉండును. ఇరువది గడుల నేలను పూర్తిగా ఎరుగుట, పొరుగువాని క్షేమమును కోరుట, గుడిసె ముందు ఒక్క క్షణము ఆగుట, వెనుకకు పోవు మీటను ముట్టకుండుట అను నాలుగు పనులను అది నేర్పినది. వెదకుట, విస్తరించుట, పిండుకొనుట, నిర్మూలించుట అను నాలుగు క్రియల ప్రక్కన ఈ నాలుగింటిని పెట్టి చూచినచో ఆట కర్తలు వ్రాసినదేదో, ఆడినవాడు చదివినదేదో విశదమగును. నిబంధనల పట్టికలో ఈ నియమమునకు ఇప్పుడు స్థానమున్నది. అయినను ఎవరును విధింపని దినములలో, ఎవరును చూడని చోట దీనిని పాటించినవారి ఆటలే ఈ వ్రతమునకు సరియైన లక్ష్యములు.